రోజుకు 9,589 రూపాయలు: చీమకుర్తిలో బార్ కట్టిన డైరీ

2025 ఆగస్టు, మూడో వారం

చెన్నైలోని ఒక హోటల్లో తొమ్మిదేళ్ళు కెప్టెన్‌గా పనిచేసి, నాన్న పోయిన తరువాత ఊరు చేరిన నన్ను మా బావ ఒక సాయంత్రం క్వారీల వైపు తీసుకువెళ్ళారు. డంపర్లు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. "బామ్మర్దీ, ఈ ఊళ్ళో డబ్బుంది, కూర్చునే చోటు లేదు" అన్నారాయన. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద 20 కిలోమీటర్లు వస్తే చీమకుర్తి. ఇక్కడ తవ్విన గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ రాయి దేశదేశాల హోటళ్ళకు, విమానాశ్రయాలకు నేలగా పోతుంది గాని, దాన్ని తవ్విన ఊరివాడు పని ముగించుకుని సీసా తీసుకుని కాలువ గట్టుకో, ఆగిన లారీ నీడకో పోయి తాగవలసిందే. అందువల్ల ఆయన మాటను తోసిపుచ్చలేకపోయాను. లెక్క చూసి చెబుతానని మాత్రం అన్నాను.

లెక్క ఇది. కొత్త బార్ పాలసీ సెప్టెంబరు 1 నుంచి మూడేళ్ళు నడుస్తుంది. జనాభా 50 వేల లోపు ఉన్నచోట ఏడాదికి లైసెన్సు ఫీజు 35 లక్షలు, అది దాటి 5 లక్షల దాకా ఉన్నచోట 55 లక్షలు, ఆ పైన 75 లక్షలు. ఏటా 10 శాతం పెరుగుతుంది. దరఖాస్తు రుసుము 5 లక్షలు, దాని పైన మరో 10 వేలు. లాటరీలో పేరు తగిలినా తగలకపోయినా ఆ సొమ్ము తిరిగిరాదు. ఒక బారుకు కనీసం నాలుగు దరఖాస్తులు పడితేనే లాటరీ. మా ఊరు మొదటి తరగతిలోకి వస్తుంది కాబట్టి 35 లక్షలను 365తో భాగించాను: రోజుకు 9,589 రూపాయలు. రెండో ఏడు అది 10,548 అవుతుంది. ఆ అంకెను నోటు పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసి బావ చేతికి ఇచ్చాను. షట్టరు ఎత్తినా ఎత్తకపోయినా, వాన కురిసినా, ఊళ్ళో తిరునాళ్ళ జరిగినా ఈ సొమ్ము పోతూనే ఉంటుంది. జీతాలకు 6,500, అద్దెకు 2,000, కరెంటుకు 1,800 కలుపుకుంటే, మొదటి పెగ్గు పోయకముందే ఇరవై వేలకు నూట పదకొండు తక్కువ.

బావ దగ్గర ఆలోచనలకు కరువు లేదు. ఏసీ క్యాబిన్లు, గోడంత తెర, శనివారాలు పాటలు, నీలం రంగు దీపాలు, పైకప్పు మీద ఫ్యామిలీ రూము. ఒక్కొక్కదాని ఎదుట ఆ 9,589ని నిలబెట్టి చూద్దామన్నాను. చిన్న ఊళ్ళో బార్ ఆలోచనలంటే, నాకు తెలిసినంతలో, ఈ అంకెను తట్టుకుని మిగిలేవే.

ఆగస్టు చివర

మావి రెండు దరఖాస్తులు, బయటివారివి రెండు. ఐదోది పడలేదు. 10 లక్షల 20 వేలు పోసి రెండింట ఒక వంతు ఆశను కొనుక్కున్నామన్నమాట. బావ పేరు తగిలింది. ఆయన కొబ్బరికాయ కొట్టించారు, నేను నోటు పుస్తకం తీశాను.

ఆ రాత్రి పెద్దమ్మకు ఫోన్ చేసి చెప్పక తప్పలేదు. పెద్దమ్మది కలిగిరి వైపు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడిని ఊళ్ళోంచి తరిమినప్పుడు, ఆ ఊరికి కూతవేటు దూరంలోని మా అమ్మమ్మ వాళ్ళ పల్లెలో చీపుళ్ళు, కారం పొట్లాలు పట్టుకుని సారా బండికి అడ్డం నిలిచినవారిలో ఆమె ఒకతె. రాత్రి బడిలో పలక పట్టి నేర్చుకున్న అక్షరాలతోనే అర్జీ మీద సంతకం పెట్టింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగిపోయిన సంగతీ, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చి 1997లో ఎత్తివేయబడిన సంగతీ మేము పుస్తకాలలో చదువుకోలేదు, ఆమె నోటనే విన్నాము. నేను చెప్పింది విని ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పెడతామంటే ఆపేదాన్ని కాను నాయనా, నా కాలు మాత్రం అందులో పడదు. రెండు మాటలు చెబుతా, విను. బోర్డు మీద దేవుడి పేరూ, ఇంటి ఆడపిల్ల పేరూ రాయొద్దు. రెండోది, ఖాతా పుస్తకం పెట్టొద్దు. ఆ రోజుల్లో మా మొగోళ్ళు తాగింది సారా కాదు, రేపటి కూలి" అన్నది.

మొదటి షరతుకు బావ కొంచెం నొచ్చుకున్నారు, ఎందుకంటే మా మేనకోడలి పేరు ఆయన అప్పటికే మనసులో ఖాయం చేసుకున్నారు. రెండోది వ్యాపారానికే మంచిదని నాకు తోచింది. సరుకు ఇచ్చే డిపోలో ముందు డబ్బు జమ చేసి, తరువాత ఇండెంటు, అంటే సరుకు కోరే చీటీ, పెట్టాలి. మనం అప్పు తేలేని సరుకును ఎదుటివాడికి అప్పుకు పోయడం ఎట్లా?

సెప్టెంబరు

బావకు నచ్చిన మొదటి భవనం పాత గోడౌను. వెడల్పు, ఎత్తు, ముందర బండ్లు నిలుపుకోవడానికి చోటు అన్నీ కుదిరాయి. బడికి, గుడికి, ఆసుపత్రికి 100 మీటర్ల లోపు బార్ ఉండరాదు. ఆ దూరాన్ని కాకి ఎగిరినట్లు కాక, మనిషి నడిచే దారి వెంట కొలవాలి. నేనూ, మేస్త్రీ ముప్పై మీటర్ల టేపు పట్టుకుని తెల్లవారుజామున కొలిచాము. మొదటిసారి 93. దారి మలుపు దగ్గర టేపు వదులైందని మేస్త్రి అనుమానించి రెండోసారి గట్టిగా లాగాడు. 92 వచ్చింది. బావ మూడోసారి కొలుద్దామన్నారు గాని, కొలిచేకొద్దీ బడి దగ్గరికి వస్తున్నదని మేస్త్రి అనేసరికి నవ్వి ఊరుకున్నారు.

రెండో భవనం ఒక పాత పాలిషింగ్ యూనిట్ ఆఫీసు. హాలు 46 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు, వెనుక రెండు గదులు, ఒక బోరు. రహదారి విషయం కూడా చూసుకున్నాము. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మరాదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పినా, పట్టణ స్థానిక సంస్థల హద్దుల లోపలికి అది వర్తించదని 2017లో వివరణ ఇచ్చింది. మా భవనం హద్దు లోపలే ఉంది.

క్యాబిన్ల గొడవ ఇక్కడే తేలింది. ప్లైవుడ్‌తో ఎనిమిది క్యాబిన్లు కట్టించాలని బావ పట్టుదల. వాటిలో కూర్చుంటే ఊళ్ళోవాళ్ళ కళ్ళు పడవు, పెద్దమనుషులు వస్తారు అని ఆయన వాదన. నా అనుభవం వేరు. క్యాబిన్‌లో గొడవ మొదలైతే సీసా పగిలేదాకా బయటికి తెలియదు. సప్లయరు లోపలికి తొంగి చూడడానికి మొహమాటపడతాడు. బయటి సీసాలు సంచిలో వచ్చేదీ అక్కడికే. పైగా 46 అడుగుల హాలులో ఎనిమిది పెట్టెలు దించితే కూర్చునేది ముప్పైమంది, తెరిచి ఉంచితే నలభై ఎనిమిది మంది. ఆ తేడాను 9,589తో పక్కపక్కన వేసి చూపించాను. చివరకు రోడ్డు కనబడకుండా ఛాతీ ఎత్తు అడ్డుగోడ ఒక్కటి చాలునని రాజీపడ్డాము. కూర్చున్నవాడు బయటికి కనిపించడు, నిలబడ్డ సప్లయరుకు హాలంతా కనిపిస్తుంది.

ముప్పై సీట్లు, ఆ పైన ఉన్న హోటల్లో పొగ తాగేవారికి విడిగా గది ఇవ్వవచ్చు కాబట్టి, వెనుక గదులలో చిన్నదానికి దానంతట అదే మూసుకునే తలుపు, గాలిని బయటికి తోసే ఫ్యాను పెట్టించి కేటాయించాము. ఆ గదిలో ఉద్దేశపూర్వకంగానే కుర్చీ వేయలేదు.

అక్టోబరు, మొదటి పక్షం: రాయి

ఈ పనిలో నాకు నిజంగా ఆనందం కలిగించిన రెండు వారాలు ఇవి. కౌంటరుకు మార్కెట్లో దొరికే చెక్క, స్టీలు వద్దని, ఊరి రాయే వాడాలని ముందే అనుకున్నాము. బావకు తెలిసిన ఫ్యాక్టరీలో మూల విరిగి ఎగుమతికి పనికిరాని పలకలు రెండు దొరికాయి. మందం 20 మిల్లీమీటర్లు. 14 అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నేల నుంచి 42 అంగుళాల ఎత్తు అని కొలతలు ఇచ్చాను. నిలబడి తాగేవాడి మోచేతికి ఆ ఎత్తు సరిపోతుంది. రెండు అంగుళాలు తగ్గితే నడుము వంచాలి, వంగినవాడు త్వరగా వెళ్ళిపోతాడు.

గెలాక్సీ రాయి నల్లదనంలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. దాని పొరలు ఒక కోణంలో వెలుగు తగిలితేనే తళుక్కుమంటాయి. నేను హోటల్ అలవాటు కొద్దీ కౌంటరు పైన వరుసగా దీపాలు వేలాడదీయాలని గీత గీశాను. పాలిష్ పట్టే మేస్త్రి ఆ కాగితం చూసి, నన్ను ఫ్యాక్టరీ వెనక్కి తీసుకువెళ్ళి, తడిపిన పలక మీద టార్చి వేశాడు. నిలువుగా వేస్తే రాయి తారులా చచ్చినట్టు నల్లగా ఉంది. టార్చిని పక్కకు వంచి, పలకకు ఒక జానెడు ఎత్తులో అడ్డంగా పట్టేసరికి రాయంతా ఒక్కసారిగా రాత్రి ఆకాశమైంది. "దీనికి దీపం నెత్తిన పెట్టకూడదు సారూ, పక్కన పెట్టాలి" అన్నాడు. ఆ ఒక్క మాటతో హాలు దీపాల ప్లానంతా మార్చాను. పైకప్పు దీపాలు సగానికి తగ్గాయి. గోడల మీద, కౌంటరు రెండు చివర్లలో పసుపుపచ్చ కాంతి ఇచ్చే దీపాలు వచ్చాయి. నీలం దీపాల ఆలోచన అడగకుండానే పోయింది.

అయితే అద్దంలాంటి పాలిష్‌తో ఒక చిక్కు ఉంది. తడి చేసిన పలక మీద గాజు గ్లాసు పెట్టి చిటికెన వేలితో నెట్టాను. అది జారి చివరి దాకా పోయింది. రెండో పెగ్గు తరువాత మోచెయ్యి తగిలితే జరిగేది ఇదే. అందుకని కస్టమరు వైపు తొమ్మిది అంగుళాల పట్టీని లెదర్ ఫినిష్ చేయించాము. కొంచెం గరుకుగా, తోలు తాకినట్లుండే ఆ పట్టీ మీద గ్లాసు నిలుస్తుంది, వేలిముద్రలు కనబడవు. సర్వీసు వైపు పాలిష్ అలాగే ఉంచాము, తుడవడానికి సులువు. అంచును సగం గుండ్రంగా మౌల్డింగ్ చేయించడం వల్ల మరో నాలుగు రోజులు పట్టింది. నాలుగు తొమ్మిదులు ముప్పైఆరు వేలు అని బావ గొణిగారు.

అక్టోబరు చివర: తుపాను

28వ తేదీ రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. దాటింది అక్కడెక్కడో గోదావరి వైపు అయినా, ఒంగోలు, చీమకుర్తి ప్రాంతాలు రెండు రోజులు నానిపోయాయి. మూడో రోజు తాళం తీసేసరికి మరుగుదొడ్ల వైపు నేలంతా జానెడు నీళ్ళు. వాన నీళ్ళు కావు. ప్లంబరు వేసిన నాలుగంగుళాల పైపు సెప్టిక్ ట్యాంకు వైపు వాలవలసింది పోయి, మధ్యలో నాలుగడుగుల మేర ఎదురు వాలు తిరిగింది. అడుగుకు పావు అంగుళం చొప్పున పల్లం ఉండాలని నేను కాగితం మీద రాసిచ్చినా, లెవెల్ పైపు పెట్టి చూడనిది నేనే కాబట్టి ఆయనను నిందించి లాభం లేదు. కొత్త టైల్స్ పగలగొట్టి పైపు తీసి మళ్ళీ వేయించాము.

నాలుగు యూరినల్స్, రెండు మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే చోటు తలుపు బయట, నేల నుంచి ఆరడుగుల ఎత్తుదాకా టైల్, నేల మీద గరుకు టైల్, ప్రతి గంటకూ కడిగి సంతకం పెట్టవలసిన కాగితం. మా జిల్లాలో నేను చూసిన బార్లలో ఎక్కువ వాటికి దారి అడగనక్కరలేదు, వాసనే చెబుతుంది. డబ్బు తక్కువైతే ఏసీలో తగ్గించుకుందాం గాని ఇక్కడ తగ్గించవద్దని బావతో ఒట్టు వేయించుకున్నాను.

నవంబరు

అంతా సిద్ధమైందనుకున్న రోజున కౌంటరు పనికి పెట్టుకున్న పెద్దాయన క్యాలెండరు తెచ్చి చూపించాడు. కార్తీకమాసం 20వ తేదీతో ముగుస్తుంది. కార్తీకంలో మా వైపు సగం ఇళ్ళలో నీచు వండరు, తాగేవాళ్ళు కూడా ఆ నెలకు లెంపలేసుకుంటారు. అది పోతే అయ్యప్ప మాల. మా ఇద్దరు సప్లయర్లు అప్పటికే నల్లబట్టలు కట్టి, సంక్రాంతి దాకా ఈ పని చేయలేమని సెలవు పుచ్చుకున్నారు. చెన్నై హోటల్లో పంచాంగంతో పనిలేదు. ఇక్కడ అదే అసలు లెడ్జరు. పోలిపాడ్యమి వెళ్ళిన మర్నాడు, 22వ తేదీన తెరవాలని నిర్ణయించాము. సెప్టెంబరు 1 నుంచి లెక్కిస్తే 82 రోజులు. ఎనిమిది లక్షలకు కాస్త తక్కువ. ఆ అంకెను రాసిపెట్టి పేజీ తిప్పేశాను.

ఈలోగా వంటిల్లు. సరుకు ధర ప్రభుత్వ డిపోది, బేరానికి తావు లేదు; అదే సీసా వీధి చివర వైన్ షాపులోనూ దొరుకుతుంది. మన చేతిలో ఉన్నది నంజుకునేదే. ఊళ్ళో దాన్ని స్టఫ్ అంటారు. ప్రకాశం జిల్లాలో శనగకు కొదవ లేదు కాబట్టి, కూర్చోగానే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపిన శనగ గుగ్గిళ్ళ చిన్న గిన్నె ఉచితంగా పెట్టాలని నిశ్చయించాను. బావకు ఉచితం అన్న మాట మింగుడుపడలేదు. ఖాళీ కడుపుతో తాగినవాడు రెండో పెగ్గుకే తూలుతాడు, గొడవ పడతాడు, మూడోది అడగడు, భోజనమూ చేయడు అని చెప్పాను. గిన్నెకు మూడు రూపాయలు దాటలేదు.

రొయ్యల విషయంలో కాలం కలిసివచ్చింది; ఆ మాట అనడానికి మనసు ఒప్పదు గాని నిజం. ఆగస్టు చివర అమెరికా సుంకం 50 శాతానికి పెరగడంతో ఎగుమతి మందగించి, కొత్తపట్నం వైపు చెరువుల రైతులు స్థానికంగా అమ్మడానికి ముందుకు వచ్చారు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంటు. వంద కౌంటు చౌక, కాని వేయిస్తే పల్లీ గింజంత అవుతుంది. ముప్పై కౌంటు మా ఊరి జేబుకు భారం. అరవై కౌంటు తీసుకున్నాము. కిలో ఒలిస్తే తల, పొట్టు పోగా అరకిలో మీద కాస్త మిగులుతుంది. దాన్ని నాలుగు ప్లేట్లు చేయాలని వంట మాస్టరుతో కలిసి తూచాము. అల్లంవెల్లుల్లి, కారం, కరివేపాకు, చివర మిరియాలు. మాస్టరు మైదా పిండి పట్టించబోతే ఆపించాను. పిండి తొడుగు తూకం పెంచుతుంది గాని నూనె తాగి, నోటికి అడ్డం పడుతుంది.

నూనె గురించి ఒక మాట. ఎంత కాగినా అదే నూనె వాడడం మా వైపు వంటశాలలలో మామూలు. కాగిన నూనెలో, అది చెడేకొద్దీ పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడరాదని ఆహార భద్రతా సంస్థ నియమం ఉంది. వేపుడు నూనెను రెండు పూటలకు మించి ఉంచకుండా, మిగిలినదాన్ని డబ్బాకెత్తి బయోడీజిలుకు కొనేవారికి ఇవ్వాలని గోడ మీద రాయించాను.

వంటింటికి రోడ్డు వైపు ఒక కిటికీ తెరిపించాను. ఫ్యామిలీ రూముకు బదులు ఇది నా ఆలోచన. ఈ ఊరి ఆడవాళ్ళు బారు మెట్లెక్కరు, ఎక్కించాలని పథకాలు వేయడం పట్నపు భ్రమ. కాని కోడి వేపుడు, రొయ్యలు, పులుసు బయటి నుంచే కొనుక్కుపోవచ్చు కదా. కిటికీ నుంచి సీసా పోదు, కూర మాత్రమే పోతుంది. బిల్లులు కూడా రెండు వేరువేరు పుస్తకాలు: మద్యం జీఎస్టీలోకి రాదు, దాని మీద వ్యాట్, తిండి మీద 5 శాతం జీఎస్టీ. చిన్న హోటళ్ళకుండే కాంపోజిషన్ సౌకర్యం, అంటే అమ్మకం మీద ఒక స్థిర శాతం కట్టి లెక్కల బాధ తగ్గించుకునే పద్ధతి, జీఎస్టీ పరిధిలో లేని సరుకు అమ్మే మాకు దక్కదని ఆడిటరు చెప్పినప్పుడు బావ ముఖం చూడవలసిందే.

నవంబరు 22, ఆ తరువాతి వారం

తెరిచాము. బోర్డు మీద రాయి పేరే పెట్టాము; దేవుడూ లేడు, ఆడపిల్లా లేదు. మొదటి రోజు 71 మంది వచ్చారు, అందులో ఇరవైమంది బావ స్నేహితులు కాబట్టి వారిని లెక్కలోంచి తీసేశాను. మూడో రోజుకు 34.

లూజు అమ్మకంలో నేను భయపడినదే జరిగింది. ఫుల్ బాటిల్ 750 మిల్లీలీటర్లు, పెగ్గు 60. పన్నెండు పెగ్గులు పోసినాక 30 మిగులుతుంది. ఆ మిగిలిన అర పెగ్గు ఎవరిదన్న ప్రశ్న దగ్గరే బార్లలో చేతివాటం మొదలవుతుంది: రోజుకు ఇరవై సీసాలు తెరిస్తే పది పెగ్గులు ఎవరి లెక్కలోనూ ఉండవు. ముద్ర వేసిన 30, 60 కొలతలు తెచ్చి, మిగిలిన ముప్పైని 30 పెగ్గుగా బిల్లు వేయాలని, ఖాళీ సీసా లెక్క చూపితేనే కొత్త సీసా ఇవ్వాలని నియమం పెట్టాను. కౌంటరు పెద్దాయన మొదట చిన్నబుచ్చుకున్నాడు. వారం తరువాత, లెక్క తేలితే రాత్రి నిద్రపడుతున్నదని తనే అన్నాడు.

వయసు విషయంలో మొహమాటం లేదు. 21 నిండని వారికి పోయకూడదు. క్వారీ పనికి వచ్చిన ఒడిశా కుర్రవాళ్ళు ముగ్గురు ఆధార్ కార్డు చూపమంటే వెళ్ళిపోయారు. మరునాడు వారిలో ఒకడు కార్డుతో వచ్చి, నెలన్నర క్రితమే తనకు 21 నిండాయని వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాడు.

డిసెంబరు

తాళాల బోర్డు కథ రాయాలి. రాత్రి పదకొండు తరువాత కర్నూలు రోడ్డు మీద డంపర్లు తిరుగుతాయి. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారికే పదివేల జరిమానా, జైలు లేదా రెండూ అని చట్టం చెబుతుంది. డంపరుకు అంత ఓపిక ఉండదు. అందుకని కౌంటరు పక్కన మేకులు కొట్టిన చెక్క బోర్డు పెట్టి, బండి తాళం ఇచ్చినవారికి ఒక ఆమ్లెట్ ఉచితమని రాయించాను. వారంలో ఏడు తాళాలు వచ్చాయి. వాటిలో ఒకటి పాత ఎక్సెల్ మోపెడ్‌ది, యజమాని ఆమ్లెట్ తిని నడిచి వెళ్ళిపోయాడు. తీరా చూస్తే అతనికి బండే లేదు, ఆ తాళం అతని బావమరిది ఇంట్లో మూలన పడి ఉన్నదట. మరొకాయన తాళం తిరిగి ఇవ్వనందుకు పెద్ద రగడ చేశాడు. మనిషి తాగిన తరువాత తాళం అడగడం వృథా అని తేలింది.

పనికొచ్చింది వేరు. స్టాండులోని ఇద్దరు ఆటోవాళ్ళతో మాట్లాడి, రాత్రి తొమ్మిదిన్నర నుంచి మూసేదాకా ముందర ఆగినందుకు చెరొక నూట యాభై, ఒక భోజనం ఇస్తున్నాము. బండి ఇక్కడే వదిలితే వాచ్‌మన్ చీటీ రాసి ఇస్తాడు, పొద్దున వచ్చి తీసుకుపోవచ్చు. పొద్దున బండికోసం వచ్చినవాడు కిటికీ దగ్గర టీ తాగుతాడని నేను అనుకోలేదు. ఇప్పుడు ఉదయం టీ కూడా మొదలైంది. పాలసీ రాత్రి పన్నెండు దాకా అనుమతిస్తున్నా, మేము పదకొండుకే చివరి ఆర్డరు తీసుకుంటున్నాము. చివరి గంట అమ్మకం కంటే చివరి గంట గొడవ ఖరీదు ఎక్కువ.

అప్పు అడిగేవారు రోజూ ఉన్నారు. వారం కూలి పడే శనివారానికి ముందు శుక్రవారం మరీ ఎక్కువ. నెల మధ్యలో ఒక సప్లయరు జేబులోంచి చిన్న పాకెట్ డైరీ జారిపడింది. అందులో పదకొండు పేర్లు, ఎదురుగా అంకెలు. తన జీతంలోంచి పెట్టి, తరువాత పైన పది, ఇరవై కలిపి వసూలు చేసుకుంటున్నాడు. మేము పెట్టని ఖాతా మా హాలులోనే నడుస్తున్నది. అతన్ని తీసేయమని బావ అన్నారు. బాకీలన్నీ అసలుకే వసూలు చేసి, డైరీ నా చేతికి ఇచ్చేదాకా గడువు ఇచ్చాను. ఈ సంగతి పెద్దమ్మకు చెప్పలేదు.

2026 జనవరి

మాలలు తీశారు, సప్లయర్లిద్దరూ తిరిగి వచ్చారు. కనుమ రోజున పాతిక కిలోల కోడి, పద్నాలుగు కిలోల రొయ్యలు అయిపోయి, తొమ్మిది గంటలకే కిటికీ మూయవలసి వచ్చింది. ఆ ఒక్క రోజున తిండి బిల్లు మద్యం బిల్లులో మూడో వంతు దాటింది. మామూలు రోజులలో పావు వంతు. దాన్ని మూడో వంతుకు నిలబెట్టగలిగితే రోజు ఖర్చు దానంతట అదే తీరుతుందని నా లెక్క. మామూలు రోజున ఇప్పటికీ పదిహేను వందలు తక్కువ పడుతున్నాము.

జనవరి 26

డ్రై డే. తాళం వేసి, లోపల చిమ్నీ జాలీలు దింపి కడిగించాము. పదకొండు గంటలకు బావ కారు ఆగింది, పెద్దమ్మ దిగింది. ఈ రోజు అందులో చుక్క పోయరని ఎవరో చెప్పారట, చూసిపోదామని వచ్చిందట. మెట్ల దగ్గర చెప్పులు విడవబోతే వద్దన్నాను. రాయి మీద చెయ్యి వేసి, వేళ్ళతో రాసి చూసి, "మన ఊరి రాయేనా" అని అడిగింది. మరుగుదొడ్డి చూసి తల ఊపింది. కౌంటరు సొరుగు తెరిచి చూసింది. ఖాతా పుస్తకం కోసమని నాకు తెలుసు. ఆ పాకెట్ డైరీ మా ఇంట్లో బీరువాలో ఉంది.

సిబ్బందికని వండిన చేపల పులుసు ఉంటే, కిటికీ బయట కుర్చీ వేసి ఆమెకు ఒక ప్లేటు పెట్టాము. లోపల కూర్చోనన్నది. రెండు ముద్దలు తిని, గోడ మీద రాసిన పట్టిక వైపు చూసి, "నెల్లూరు చేపల పులుసు అని రాశారే, మామిడికాయ ఏదిరా ఇందులో?" అన్నది. మాఘం మొదట్లోనే మామిడికాయ ఎక్కడ దొరుకుతుందని మాస్టరు నసిగాడు. "దొరకనప్పుడు వండుకోండి, ఎవరొద్దన్నారు. నెల్లూరు పేరు మాత్రం రాయబాకండి" అన్నది.

మాస్టరు తడిగుడ్డ తెచ్చాడు. రంగుతో రాసినది కావడంతో పోలేదు. రేపు పెయింటరు వచ్చినప్పుడు ఆ ఒక్క మాట మీద తెల్లరంగు వేయించాలి, మాఘం చివరలో కాయలు దిగాక మళ్ళీ రాయించాలి. కిటికీ ఎడమ కీలు కూడా వదులైంది, అదీ చూడాలి.